నాందేడ్ నుంచి చదరంగం పోటీలకు: బండ్లు, తిప్పలు, పట్టుదల

ఈ పేజీల్లో ఇంతవరకు మా ఇంటిపేరు గురించి, గోదావరి ఒడ్డున మావాళ్ళు స్థిరపడిన కాలం గురించి, పెళ్ళి సంబంధాలు నిజామాబాద్ వైపు, బీదర్ వైపు ఎలా కలిశాయో దాని గురించి రాసుకున్నాం. ఈసారి చదరంగం గురించి రాస్తున్నాం. అసలు సంగతి ఆట కూడా కాదు. ఆ ఆట ఆడటానికి నాందేడ్ లాంటి ఊరి నుంచి బయలుదేరినవాళ్ళ ప్రయాణాల గురించి.

చదరంగం చవక ఆట అని అందరూ అంటారు. అది సగం నిజం. బోర్డు, ముప్పై రెండు పావులు, ఒక గడియారం ఉంటే చాలు, ఏళ్ళ తరబడి ఆడుకోవచ్చు. గ్రౌండు అక్కర్లేదు, బూట్లు అక్కర్లేదు. కానీ ఇంట్లో ఆడుకోవడం వేరు, పోటీ వేరు. పోటీ కావాలంటే మనకంటే బాగా ఆడేవాళ్ళు ఉన్న ఊరికి పోవాలి. నాందేడ్‌లో ఉన్నవాళ్ళకి ఆ ఊరు ఎప్పుడూ రాత్రి ప్రయాణం దూరంలోనే ఉంది. అందుకని మా వైపు చదరంగం ఖర్చంతా దారి ఖర్చే. డబ్బు ఒక్కటే అనుకోకండి. నిద్ర, సెలవులు, తోడు వెళ్ళేవాళ్ళ ఓపిక, అన్నీ ఇందులోకే వస్తాయి.

ముందు రైలు సంగతి చెప్పాలి. హైదరాబాద్ నుంచి మన్మాడ్ దాకా గోదావరి లోయ మీదుగా పోయే మీటర్ గేజ్ లైను నిజాం కాలంలో, ఇరవయ్యో శతాబ్దం మొదలయ్యే వేళకు వచ్చింది. నాందేడ్ ఆ లైను మీదే ఉంది. అప్పుడు మా జిల్లా హైదరాబాద్ సంస్థానంలో భాగం. ముద్ఖేడ్, ధర్మాబాద్ దాటి, బాసర దగ్గర గోదావరి దాటితే నిజామాబాద్, తరవాత కామారెడ్డి, ఆ పైన సికింద్రాబాద్. కచేరీ పని అయినా, పెద్ద డాక్టర్ అయినా, కాలేజీ సీటు అయినా మావాళ్ళు తూర్పు వైపే చూసేవాళ్ళు. చదరంగం కూడా అదే దారిన పోయేది.

ఆ రోజుల్లో ఆట కూడా ఊరూరికీ కొంచెం మారేది. ఇది ఇప్పటి పిల్లలకి తెలియదు. మన పాత పద్ధతిలో బంటు మొదటి ఎత్తులో కూడా సాధారణంగా ఒక్క గడే కదిలేది. క్యాజిలింగ్ లేదు, దానికి బదులు రాజు ఆటలో ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. బంటు చివరి గడికి చేరితే ఏ పావుగా మారాలన్నది ఒక్కో చోట ఒక్కో లెక్క. అంటే ఇరవై గంటలు ప్రయాణం చేసి ఇంకో ఊరికి చేరినా, బోర్డు ముందు కూర్చున్నాక మొదట తేల్చుకోవాల్సింది “మీ ఊళ్ళో ఏ రూల్సు?” అని. పేర్లు కూడా అంతే. తెలుగువాళ్ళు శకటు అనే పావుని మరాఠీలో ఉంట్ అంటారు, కన్నడంలో ఒంటె. రెండూ ఒంటే. మాలో ఈ వ్యాసం రాస్తున్నవాళ్ళం కన్నడ మీడియంలో చదువుకున్నాం కాబట్టి చిన్నప్పుడు బడిలో ఒంటె, ఇంట్లో శకటు, నాందేడ్ వీధిలో ఉంట్. ఆటకి కూడా మూడు పేర్లు: చదురంగ, చదరంగం, బుద్ధిబళ్.

ఈ తేడాలన్నీ ఒక దారికి తెచ్చే పని అఖిల భారత చదరంగం సమాఖ్యతో మొదలైంది. అది 1951లో ఏర్పడింది. మొట్టమొదటి జాతీయ ఛాంపియన్‌షిప్ 1955లో జరిగింది. ఎక్కడ? బొంబాయిలో కాదు, కలకత్తాలో కాదు, మద్రాసులో కాదు. ఏలూరులో! ఆంధ్ర రాష్ట్రం ఏర్పడి అప్పటికి రెండేళ్ళు కూడా నిండాయో లేదో, అలాంటి వేళ పశ్చిమ గోదావరి జిల్లాలోని ఒక ఊరు దేశంలోని ఆటగాళ్ళని పిలిచి కూర్చోబెట్టింది. ఆ పోటీలో మొదటి స్థానం ఇద్దరు పంచుకున్నారు. ఒకరు తెలుగువారైన డి. వెంకయ్య గారు, ఇంకొకరు మరాఠీ ఆటగాడు రామచంద్ర సప్రే గారు. మొదటి జాతీయ టైటిలే ఒక తెలుగు ఆటగాడికీ ఒక మరాఠీ ఆటగాడికీ కలిపి వచ్చిందన్న మాట. మా కుటుంబం లాగా ఈ రెండు భాషల మధ్య బతికేవాళ్ళకి ఇంతకన్నా దగ్గరి చరిత్ర ఏముంటుంది?

ఆ సంవత్సరం నాందేడ్ నుంచి ఏలూరు పోవాలంటే ఎలా ఉండేదో ఒకసారి లెక్క వేసి చూశాం. మీటర్ గేజ్ బండిలో సికింద్రాబాద్ దాకా. అక్కడ దిగి, పెట్టె, పరుపుచుట్ట మోసుకుని బ్రాడ్ గేజ్ బండి ఎక్కాలి. కాజీపేట మీదుగా విజయవాడ, అక్కడి నుంచి సుమారు అరవై కిలోమీటర్లు ఏలూరు. గేజ్ మారే చోట బండి తప్పితే తరవాతి బండి దాకా ప్లాట్‌ఫారం మీదే. రిజర్వేషన్ ఫోనులో చూసుకునే కాలం కాదు, “ఆలస్యంగా వస్తున్నాను, గడియారం ఆపండి” అని ఫోను చేసే కాలమూ కాదు. ఉత్తరం రాసి, ఫీజు మనియార్డర్ చేసి, జవాబు వస్తే బయలుదేరడమే.

ఏలూరు పోటీ అయిన మరుసటి ఏడాదే మా దారి తిరిగిపోయింది. 1956 నవంబర్ 1న భాషా ప్రయుక్త రాష్ట్రాలు వచ్చాయి. తెలంగాణ జిల్లాలు ఆంధ్రప్రదేశ్‌లోకి, బీదర్, రాయచూర్, గుల్బర్గా వైపు కన్నడ ప్రాంతాలు మైసూరులోకి, మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలోకి పోయాయి. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. ఒకే సంస్థానంలో ఉన్న మా చుట్టాలు మూడు రాష్ట్రాలవాళ్ళయ్యారు. ఈ సంగతి భూమి కాగితాల విషయంలో, బడి భాష విషయంలో ఇదివరకే రాశాం. చదరంగానికి కూడా ఇది పెద్ద మార్పే. ఎందుకంటే జాతీయ పోటీకి పోవాలంటే ముందు రాష్ట్రం తరఫున ఎంపిక కావాలి. అంతవరకు రాష్ట్రం అంటే హైదరాబాద్, సుమారు 275 కిలోమీటర్లు. ఆ తరవాత రాష్ట్రం అంటే పుణె అయినా కావచ్చు, ముంబై అయినా కావచ్చు. పుణె సుమారు 450 కిలోమీటర్లు, ముంబై ఆరు వందలకి కొంచెం తక్కువ. చుట్టాలు, భోజనం, పడుకోవడానికి చాప అన్నీ తూర్పున ఉంటే, ఎంపిక పోటీ పడమరకి పోయింది. ఓపెన్ టోర్నమెంట్లకి ఎవరైనా ఎక్కడికైనా పోవచ్చు కాబట్టి మావాళ్ళు అలవాటుకొద్దీ హైదరాబాద్ పోయేవాళ్ళు, సెలక్షన్ అంటే పడమర పోయేవాళ్ళు. ఒక్కో మనిషికి రెండు దిక్కులు.

రైలు లైను కూడా వెంటనే బాగుపడలేదు. మీటర్ గేజ్‌ని బ్రాడ్ గేజ్‌గా మార్చే పని ముక్కలు ముక్కలుగా, ఏళ్ళ మీద సాగింది. కొన్నాళ్ళు ఒక వైపు పెద్ద పట్టా, ఇంకో వైపు చిన్న పట్టా. పని జరుగుతున్న రోజుల్లో బండ్లు రద్దు, బస్సులే గతి. దక్షిణ మధ్య రైల్వేలో నాందేడ్ డివిజన్ 2003లో ఏర్పడ్డాక మా ఊరికి బండ్లు పెరిగాయి. ఇప్పుడు పిల్లలకి రాత్రి ఎక్కి పొద్దున దిగడం మామూలు విషయం. పాతవాళ్ళకి అది మామూలు కాదు.

మా పెద్దవాళ్ళు చెప్పే ఇంకో తిప్ప వాయిదా ఆటలది. అప్పట్లో ఆట గంటల తరబడి సాగి తేలకపోతే, ఎత్తు వేయవలసిన ఆటగాడు తన ఎత్తుని కాగితం మీద రాసి కవర్లో పెట్టి సీలు వేసి ఆర్బిటర్‌కి ఇచ్చేవాడు. మిగతా ఆట తరవాత. ఊళ్ళో ఉన్నవాడికి ఇది మంచిదే, రాత్రి ఇంట్లో తిని, స్నేహితులతో కూర్చుని పొజిషన్ చూసుకుంటాడు. పరాయి ఊరివాడికి మాత్రం ఇంకో రాత్రి సత్రం ఖర్చు, ఇంకో రోజు సెలవు. తిరుగు బండి టైమ్ దగ్గరపడితే గెలిచే ఆటని కూడా “డ్రా ఒప్పుకుంటారా?” అని అడిగి లేచి వచ్చేవాళ్ళట. స్కోరు కాగితం మీద అది అర పాయింటు అనే ఉంటుంది. బండి టైమ్ అయింది కాబట్టి అని ఎక్కడా రాసి ఉండదు. కంప్యూటర్లు వచ్చాక వాయిదా పద్ధతి పోయింది, ఎందుకంటే రాత్రికి రాత్రి మిషను అన్నీ చెప్పేస్తుంది. దూరం ఊరివాళ్ళకి కంప్యూటర్ చేసిన మొదటి ఉపకారం ఇదే అని మాకు అనిపిస్తుంది.

ఇక గడియారం. రౌండ్ మొదలయ్యే టైముకి ఇద్దరూ రాకపోతే తెల్లపావుల వాళ్ళ గడియారం నడుస్తూ ఉంటుంది, వాళ్ళు వచ్చేదాకా ఆ టైమంతా వాళ్ళదే పోతుంది. పాత నియమం ప్రకారం గంటలోపు వస్తే ఆడుకోవచ్చు, గంట దాటితే ఓటమి. 2009 నుంచి అంతర్జాతీయ సమాఖ్య అయిన ఫిడే బాగా బిగించింది. నిర్వాహకులు ముందుగా వేరే చెప్పకపోతే, రౌండ్ మొదలయ్యేసరికి కుర్చీలో లేనివాళ్ళు ఓడిపోయినట్టే. తరవాత 2014 నియమాల్లో ఎంత ఆలస్యం దాకా ఒప్పుకుంటారో ప్రతి పోటీ ముందే ప్రకటించాలని పెట్టారు. అందుకని మా ఇంట్లో ఒక పద్ధతి పెట్టుకున్నాం. ఏ టోర్నమెంట్ కాగితం వచ్చినా ప్రైజు డబ్బు తరవాత చూస్తాం, ముందు డిఫాల్ట్ టైమ్ ఎంతో చూస్తాం. పొద్దున చేరలేమని ముందే తెలిస్తే కొన్ని పోటీల్లో జోడీలు వేయక ముందే చెప్పి అర పాయింటు బై అడగవచ్చు. అడగకుండా ఆలస్యం అయితే సున్నా.

ఆ సున్నా ఎలా ఉంటుందో మాకు తెలుసు. రెండేళ్ళ క్రితం మా అన్నయ్య కూతురు, అప్పటికి దానికి పదేళ్ళు, మా వదినతో కలిసి హైదరాబాద్‌లో ఒక ఆదివారం ర్యాపిడ్ పోటీకి బయలుదేరింది. రైలులో సీటు దొరకలేదు, శనివారం రాత్రి బస్సు ఎక్కించాం. అర్ధరాత్రి దాటాక బస్సు ఆగిపోయింది. ఏదో తెగింది అన్నారు, ఇంకో బస్సు వస్తుంది అన్నారు. వచ్చేసరికి తెల్లవారింది. తొమ్మిదిన్నరకి మొదటి రౌండ్, హాలు చేరేసరికి పది దాటింది. ఆర్బిటర్ గారు మంచివారే, కానీ రూల్ రూలే. వాక్ఓవర్. పాప ఏడవలేదు. మొహం కడుక్కుని, మెట్ల మీద కూర్చుని, డబ్బాలో ఉన్న జొన్నరొట్టె తిని రెండో రౌండ్‌కి వెళ్ళింది. స్విస్ పద్ధతిలో ఒక సున్నా వస్తే కింది గుంపులో పడతాం. అక్కడి నుంచి ఒక్కొక్కటి గెలుచుకుంటూ పైకి రావాలి. ఆ రోజు మిగిలిన ఏడు రౌండ్లలో అయిదు గెలిచింది. ప్రైజు రాలేదు. తిరుగు ప్రయాణంలో మా వదిన సీటు దొరక్క చాలాసేపు నిలబడే వచ్చింది. స్కోరు పట్టికలో పాప పేరు పక్కన అయిదు పాయింట్లు ఉన్నాయి. మా వదిన పేరు ఎక్కడా లేదు.

పెద్ద ఆటగాళ్ళకి ఇవన్నీ ఉండవనుకుంటాం. 2010 ఏప్రిల్‌లో విశ్వనాథన్ ఆనంద్ గారు ప్రపంచ టైటిల్ నిలబెట్టుకోవడానికి బల్గేరియా రాజధాని సోఫియా పోవాలి. ఐస్‌ల్యాండ్‌లో అగ్నిపర్వతం పేలి, బూడిద మేఘం వల్ల యూరప్‌లో విమానాలు ఆగిపోయాయి. ఆయన ఫ్రాంక్‌ఫర్ట్‌లో చిక్కుకున్నారు. చివరికి తన బృందంతో వ్యాన్‌లో సుమారు 40 గంటలు రోడ్డు మీద ప్రయాణం చేసి చేరారు. మూడు రోజులు వాయిదా అడిగితే ఒక్క రోజే ఇచ్చారు. మొదటి ఆట ఓడిపోయారు. మ్యాచ్ మాత్రం వెసెలిన్ తొపలోవ్ మీద 6.5–5.5తో గెలిచారు. మా పాపకి ఈ కథ చెప్పాం. “అయితే ఆయన కూడా మొదటిది పోగొట్టుకున్నాడు కదా” అంది. అంతే, దానికి కావలసింది దొరికింది.

ఇక ఆడపిల్లల విషయం. ఇది రాయకుండా ఈ చరిత్ర పూర్తి కాదు. మా ఇంట్లో పాత తరంలో చదరంగం ఆడిన ఆడవాళ్ళు ఉన్నారు. మధ్యాహ్నం వంట అయ్యాక బోర్డు వేసుకునేవాళ్ళు, మగవాళ్ళని ఓడించేవాళ్ళు కూడా. కానీ ఒక్కరు కూడా పోటీకి వెళ్ళలేదు. ఆట రాక కాదు, రాత్రి బండి ఎక్కించేవాళ్ళు లేక. దేశంలో మహిళల జాతీయ ఛాంపియన్‌షిప్ మొదలైందే 1974లో, బెంగళూరులో. బొంబాయి నుంచి వచ్చిన వాసంతి ఖాడిల్కర్ గారు గెలిచారు. ఆమె చెల్లెళ్ళు జయశ్రీ, రోహిణి కూడా ఆటగాళ్ళే. 1976లో రోహిణి గారు పదమూడేళ్ళ వయసులో పురుషుల జాతీయ పోటీలో ఆడితే గొడవ అయ్యింది, కోర్టు దాకా పోయింది. ఆఖరికి అప్పటి ఫిడే అధ్యక్షుడు మాక్స్ ఊవే, ఆడవాళ్ళని ఆపడానికి వీల్లేదని తేల్చారు. అంటే హాలు తలుపు దాకా పోవడం ఒక కష్టం, తలుపు తీయించడం ఇంకో కష్టం.

తెలుగు వైపు చూస్తే కోనేరు హంపి గారు. గుడివాడలో పుట్టారు. తండ్రి అశోక్ గారు లెక్చరర్ ఉద్యోగం వదిలి కూతురికి ఆట నేర్పించడమే పనిగా పెట్టుకున్నారు, పోటీలకి వెంట తిరిగారు. 2002లో ఆమె 15 ఏళ్ళ 1 నెల 27 రోజులకి గ్రాండ్‌మాస్టర్ అయ్యారు. అప్పటికి ప్రపంచంలో ఆడవాళ్ళలో అదే చిన్న వయసు. గుంటూరు నుంచి వచ్చిన ద్రోణవల్లి హారిక గారు 2022లో మామల్లపురం ఒలింపియాడ్‌లో నిండు గర్భిణిగా ఉండి బోర్డు ముందు కూర్చున్నారు, జట్టుకి కాంస్యం వచ్చింది. 2025 జూలైలో జార్జియాలోని బతూమిలో మహిళల ప్రపంచ కప్ ఫైనల్ ఎవరి మధ్య? మళ్ళీ ఒక తెలుగు, ఒక మహారాష్ట్ర. హంపి గారు, నాగపూర్ అమ్మాయి దివ్యా దేశ్‌ముఖ్. పందొమ్మిదేళ్ళ దివ్య టైబ్రేక్‌లో గెలిచి గ్రాండ్‌మాస్టర్ కూడా అయ్యింది. ఏలూరులో ఇద్దరు పంచుకున్న ఆ మొదటి టైటిల్‌కి డెబ్బై ఏళ్ళు నిండిన ఏడు అది. మా ఇంట్లో ఎవరి వైపు ఉండాలో తెలియక ఇద్దరికీ చప్పట్లు కొట్టాం.

“ఇప్పుడు అంతా ఆన్‌లైన్ కదా, ఇంత తిరగడం ఎందుకు?” అని మా పెద్దవాళ్ళు అడుగుతున్నారు. న్యాయమైన ప్రశ్నే. ఆన్‌లైన్ వల్ల నాందేడ్ పిల్లకి రోజూ మంచి ప్రత్యర్థి దొరుకుతున్నాడు, ఇది మా పాత తరానికి కలలో కూడా లేదు. కానీ రేటింగ్, టైటిల్, సెలక్షన్ కావాలంటే ఇప్పటికీ మనిషి ఎదురుగా మనిషి కూర్చోవలసిందే. పైగా తీగ మీద ప్రయాణానికి కూడా ప్రమాదాలు ఉన్నాయి. 2020 ఆగస్టు 30న ఆన్‌లైన్ ఒలింపియాడ్ ఫైనల్లో రష్యాతో ఆడుతుండగా నిహాల్ సరీన్, ఇదే దివ్యా దేశ్‌ముఖ్ ఇద్దరికీ కనెక్షన్ పోయి, టైమ్ అయిపోయి ఓడిపోయారు. ఇంటర్నెట్‌లో పెద్ద అంతరాయం వచ్చిన రోజు అది. ఫిర్యాదు చేశాక ఫిడే రెండు జట్లకీ స్వర్ణం ఇచ్చింది. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేసేవాళ్ళం కాబట్టి ఈ సంగతి మాకు బాగా గుర్తుంది. ఎంత మంచి సిస్టమ్ అయినా ఎక్కడో ఒకచోట ఆగుతుంది. బస్సు రోడ్డు మీద ఆగుతుంది, సర్వర్ ఎక్కడో కనపడకుండా ఆగుతుంది, అంతే తేడా.

ఇంకో కష్టం కూడా ఉంది. పోటీలకి పోయే క్రీడాకారులకి రైలు టికెట్‌లో రాయితీ ఉండేది. సంఘం ఇచ్చిన సర్టిఫికెట్ కౌంటర్‌లో చూపిస్తే టికెట్ ధర బాగా తగ్గేది. 2020 మార్చిలో కోవిడ్ మొదలైనప్పుడు విద్యార్థులు, రోగులు, దివ్యాంగుల్లో కొన్ని వర్గాలకి తప్ప మిగతా రాయితీలు ఆపేశారు. కోవిడ్ తగ్గాక కూడా చాలా కాలం తిరిగి రాలేదు. ముంబైలో ఉన్న పిల్లకి దీనివల్ల తేడా తక్కువ, లోకల్ ట్రైన్‌లో పోయి వస్తుంది. నాందేడ్, హింగోలి, ఆదిలాబాద్ లాంటి ఊళ్ళ పిల్లలకి మాత్రం ఒక్కో టోర్నమెంట్‌కి ఇద్దరి టికెట్లు, ఒక రాత్రి లాడ్జి. ఏడాదికి ఆరు పోటీలు ఆడే పిల్ల మూడు ఆడుతుంది. మూడు ఆడే పిల్ల మానేస్తుంది. ఇలా మానేసినవాళ్ళ పేర్లు ఏ చరిత్రలోనూ రావు.

మా పాపకి ఇప్పుడు పన్నెండేళ్ళు. వచ్చే ఏడు సెలక్షన్ పోటీలకి పడమర వైపు పంపాలా వద్దా అని ఇంట్లో మాట నడుస్తోంది. అమ్మాయి, రాత్రి ప్రయాణం, ఖర్చు, చదువు, అన్నీ లెక్కలోకి వస్తున్నాయి. మేము మా మాట చెప్పేస్తున్నాం. పంపాలి. పాత తరంలో మధ్యాహ్నం బోర్డు ముందు గెలిచినవాళ్ళని గడప దాటించలేకపోయాం, వాళ్ళ ఆట వాళ్ళతోనే పోయింది. ఈ తరంలో అలా కాకూడదు. గెలుస్తుందా లేదా అన్నది దాని పని. హాలు తలుపు దాకా టైముకి చేర్చడం మన పని.

అందుకని చుట్టాలందరికీ రెండు మాటలు. ఒకటి, పుణె, ముంబై, ఔరంగాబాద్, హైదరాబాద్, నిజామాబాద్‌లో ఉన్న మనవాళ్ళు, పోటీ కోసం వచ్చే మన పిల్లలకి ఒక రాత్రి చోటు ఇవ్వగలిగితే మాకు చెప్పండి, ఒక జాబితా చేస్తాం. పోటీకి ముందు రోజే చేరితే వాక్ఓవర్ భయం ఉండదు. రెండు, మీ ఇళ్ళల్లో పాత స్కోరు కాగితాలు, సర్టిఫికెట్లు, రైలు రాయితీ కాగితాలు ఉంటే పారేయకండి, ఫొటో తీసి పంపండి. వాటితో పాటు ఆ రోజు వెంట ఎవరు వెళ్ళారో తప్పకుండా రాయండి. నాన్నా, మేనమామా, అమ్మా, పక్కింటి మాస్టారా, ఎవరైనా సరే. ఈ పేజీలో ఆడినవాళ్ళ పేరు పక్కనే వాళ్ళ పేరు కూడా పెడతాం.